చించని కవర్లు

ఆ ఇంటి దిగువ గదిలోకి అడుగు పెట్టగానే కాఫీ వాసన వచ్చింది. వంటిల్లేమో పైన, ఇంటికి అవతలి కొసన ఉంది. ఇక్కడ కాఫీ ఎవరు కలుపుతున్నారబ్బా అని ముక్కు ఎటు లాగితే అటు వెళ్లాను. గోడ అల్మారా కింది అరలో, బాగా లోపలికి, ఒక గాజు గిన్నె నిండా కాఫీ పొడి ఉంది. తాగడానికి పెట్టింది కాదు, వాసన పీల్చడానికి పెట్టింది.

పంతొమ్మిదేళ్లుగా ఇళ్లు అమ్మిపెడుతున్నాను. అమ్ముకునేవాళ్లు ఏ వాసనని దేనితో కప్పుతారో నాకు కంఠతా వచ్చు. సిగరెట్లకి నిమ్మచెక్కలు, కుక్కకి సెంటు, చెమ్మకి కాఫీ పొడి. తోటి ఏజెంట్లు నా వెనకాల నన్ను అనుమానాలమ్మ అంటారు. ఎదుట అన్నా నాకేం కోపం రాదు. అందరూ ఈ వృత్తికి నమ్మకమే పెట్టుబడి అంటారు గానీ, నా మటుకు నాకు అనుమానమే పెట్టుబడి.

ఇల్లు ఒక పళ్ల డాక్టరుది. ప్రాక్టీసు మానేశాడు. భార్యకి మోకాళ్ల నొప్పులు, మెట్లు లేని ఫ్లాటుకి మారిపోదామని ఇల్లు నా చేతిలో పెట్టాడు. ఊళ్లో సగం మంది ఆయన ముందు నోరు తెరిచినవాళ్లే. ఆయన మాత్రం ఎవరి ముందూ నోరు తెరిచే రకం కాదు. ఆ మౌనం కూడా నాకు మొదటి రోజే నచ్చలేదు.

కొనబోయేది టైలరమ్మ. పన్నెండేళ్లుగా అద్దె షాపులో కుడుతోంది. తొమ్మిది మిషన్లు, ఆరుగురు పనివాళ్లు. ఈ ఇంటికి ముందు రోడ్డు ఎత్తుగా, వెనక సందు పల్లంగా ఉంటుంది. హాల్లోంచి ఐదు మెట్లు దిగితే సందులోకి తెరుచుకునే పెద్ద గది. ఆ గదిని చూసే ఆవిడ మనసు పారేసుకుంది. పైన కాపురం, కింద పని. మిషన్లన్నీ అక్కడ దింపడానికి రోజు కూడా చూసుకుని, నెలాఖరుకి షాపు ఖాళీ చేస్తానని షాపు ఓనరుకి రాసి ఇచ్చేసింది.

కుట్టు మిషన్ల మోటార్లు ఎక్కడుంటాయి? కాళ్ల దగ్గర. గుడ్డల మూటలు ఎక్కడుంటాయి? నేల మీద. ఆ గదిలోకి నీళ్లు వస్తే ఆవిడ పన్నెండేళ్ల కష్టం ఒక్క వానకి గంగలో కలుస్తుంది.

గిన్నెని ఎక్కడిది అక్కడే పెట్టి గది కలియజూశాను. గోడలకి రంగు కొత్తది. అది కూడా నడుము ఎత్తు దాకానే కొత్తది. ఆ పైన పాత రంగు, ఎంత జాగ్రత్తగా కలిపినా కిటికీ పక్క వెలుగులో ఆ రెంటి మధ్య తేడా కనిపిస్తూనే ఉంది. తలుపు అడుగున జానెడు చెక్క మార్చారు. అన్నిటికంటే నన్ను ఆపేసింది స్విచ్‌బోర్డులు. మిగతా గదులన్నిటిలో ప్లగ్గులు మోకాలి ఎత్తులో ఉన్నాయి. ఈ ఒక్క గదిలో నాలుగింటికి నాలుగూ ఛాతీ ఎత్తులో ఉన్నాయి.

డాక్టరు మెట్ల మీద నిలబడి నన్నే చూస్తున్నాడు.

"డాక్టరుగారూ, ప్లగ్గులు ఇంత పైకి ఎందుకు పెట్టించారు?"

"నడుం నొప్పమ్మా. నలభై ఏళ్లు వంగి జనం నోళ్లలోకి చూశాను. ఇంక వంగడం నా వల్ల కాదు."

"మరి రంగు?"

"మనవరాలు. పెన్సిల్ దొరికితే గోడని వదలదు."

"కాఫీ పొడి?"

"బొద్దింకలు రావని ఎవరో చెప్పారు."

ప్రతిదానికీ జవాబుంది. ప్రతి జవాబూ నిజం కావచ్చు. మూడు ప్రశ్నలకి మూడు జవాబులు తడుముకోకుండా చెప్పగలిగినవాడు ముందే చదువుకుని వచ్చిన విద్యార్థి అని నా నమ్మకం. కానీ నమ్మకం వేరు, రుజువు వేరు.

మా వృత్తిలో ఒక కాగితం ఉంటుంది. ఇంటి వివరాల పత్రం. ఇంట్లో ఉన్న లోపాలన్నీ ఓనరు అందులో రాయాలి. కింద ఏజెంటు కూడా సంతకం పెట్టాలి, "నాకు తెలిసినంతవరకు ఇంతకు మించి లోపాలు లేవు" అని. తెలిసి దాచితే కొన్నవాళ్లు నా మీద దావా వేయొచ్చు, లైసెన్సు పోతుంది. అలాగని, నేను ఓనరు తరఫు ఏజెంటుని. రుజువు లేకుండా "ఆ గదిలో చెమ్మ ఉందేమో" అని కొనేవాళ్ల చెవిన వేస్తే, నా బేరం చెడగొట్టిందని ఓనరు ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడూ లైసెన్సు మీదకే వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరు పత్రంలో "నీరు, చెమ్మ" అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో "లేవు" అని రాసి సంతకం పెట్టేశాడు. నా సంతకానికి శుక్రవారం దాకా గడువుంది. ఆ రోజు మంగళవారం.

మర్నాడు పొద్దున్నే ఆ గదికి రంగు వేసిన పెయింటరుని పట్టుకున్నాను. వేరే ఇంటి ముందు నిచ్చెన మీద ఉన్నాడు.

"పళ్ల డాక్టరుగారి దిగువ గది నువ్వేగా వేసింది?" అన్నాను.

"గోడ పొడిగానే ఉంది మేడం!" అన్నాడు.

నేను గోడ సంగతి అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని ప్రశ్నకి జవాబు చెప్పేశాడు. "తడిగా ఉందని ఎవరన్నారు?" అంటే నిచ్చెన దిగి చేతులు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"నాకెందుకు మేడం ఈ గొడవ? వెయ్యమన్నారు, వేశాను. అయినా నన్నడుగుతారేంటి, నన్ను పంపింది మీ ఆఫీసే కదా!"

"మా ఆఫీసా?"

"మీ తమ్ముడుగారే ఫోన్ చేశారు. నడుము దాకా వేస్తే చాలన్నారు."

మా ఆఫీసులో ఇద్దరమే. నేను, మా తమ్ముడు. వాడికి నడక నేర్పింది నేనే, ఈ పని నేర్పిందీ నేనే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆఫీసుకి బయలుదేరాను. డాక్టరు దగ్గర వీడు విడిగా ఏమైనా మాట్లాడుకున్నాడా, నా సంతకాన్ని అడ్డం పెట్టుకుని ఇద్దరూ నన్ను ముంచుతున్నారా అని ఆలోచిస్తూ, రెండు మలుపులు దాటిపోయి వెనక్కి తిరిగి రావలసి వచ్చింది.

ఆఫీసులో వాడు ఫోటోలకి పేర్లు రాసుకుంటున్నాడు. తలుపు వేసి ఎదురుగా కూర్చున్నాను.

"పెయింటరుని పంపింది నువ్వా?"

"నేనే. డాక్టరుగారు ఎవరైనా ఉంటే చెప్పమన్నారు, చెప్పాను."

"నడుము దాకా చాలని కూడా నువ్వే చెప్పావా?"

"ఆయన చెప్పమన్నది చెప్పాను."

"ఎందుకని అడగలేదా?"

వాడు నా వైపు వింతగా చూశాడు. "అడగకూడదు కదక్కా. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే రాయాలి. నువ్వేగా నేర్పావు?"

నాకు తిక్క రేగింది. "నేనా? నేనెప్పుడు నేర్పాను నీకీ దొంగబుద్ధి?"

వాడు లేచి వెళ్లి, నా కుర్చీ వెనకున్న స్టీలు బీరువా కింది అర లాగాడు.

ఈ అర సంగతి చెప్పాలి. చాలామంది ఇల్లు కొనేముందు ఒక ఇంజినీరుని పెట్టి పరీక్ష చేయించుకుంటారు, టైలరమ్మ మాత్రం ఆ ఖర్చు ఎందుకని వద్దనుకుంది. ఇంజినీరు రిపోర్టు రెండు కాపీలు చేస్తాడు, ఒకటి కొనేవాళ్లకి, ఒకటి ఏజెంటు ఆఫీసుకి. కొన్నిసార్లు రిపోర్టు చూసి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. బేరం పోతుంది. మర్నాడో ఆ మర్నాడో మన కాపీ పోస్టులో వస్తుంది. పోయిన బేరం తాలూకు రిపోర్టుని ఏజెంటు ఎప్పుడూ చించి చూడకూడదని నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. చదివితే ఇంట్లో లోపం తెలిసిపోతుంది, తర్వాత వచ్చేవాళ్లకి చెప్పి తీరాలి. చదవకపోతే "నాకు తెలిసినంతవరకు" అన్న మాట నిజంగా నిజమే. పారేస్తే సాక్ష్యం మాయం చేశారంటారు కాబట్టి పారేయకూడదు. అందుకని తేదీ వేసి, సంతకం పెట్టి, అతికించింది అతికించినట్టే అరలో పెట్టేస్తాం. ఇది చాలా ఆఫీసుల్లో ఉన్న పద్ధతే. అబద్ధం ఆడకుండా బతకడానికి ఇంత తెలివైన ఉపాయం కనిపెట్టినవాడికి మనసులోనే దండం పెట్టుకునేదాన్ని.

తమ్ముడు ఒక పసుపు కవరు తీసి బల్ల మీద పెట్టాడు. మీద డాక్టరు ఇంటి నంబరు ఉంది. మూడేళ్ల కిందటి తేదీ. అప్పుడు కూడా ఆయన ఇల్లు అమ్మకానికి పెట్టి, ఒక బేరం పోయాక, మనసు మారిందని వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు ఇల్లు చూపించింది తమ్ముడు, అయినా అంతమటుకు నాకు గుర్తుంది. కవరు మాత్రం గుర్తు లేదు. తేదీ పక్కన అందినట్టు సంతకం ఉంది. ఆ సంతకం నాది.

రెండు రోజులుగా డాక్టరుని అనుమానించాను, పెయింటరుని అనుమానించాను, ఒక గంటపాటు ఒకే తల్లి కడుపున పుట్టిన తమ్ముణ్ని అనుమానించాను. నేను వెతుకుతున్న రుజువు మూడేళ్లుగా నా కుర్చీకి మూరెడు దూరంలో ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు, దాని వెనకే భయం వచ్చింది.

"అక్కా, చించకు," అన్నాడు తమ్ముడు మెల్లగా. "చించనంతసేపు నీకేం తెలియదు. డాక్టరుగారు లేవని రాశారు. రేపు ఏదన్నా అయితే ఆయన చూసుకుంటారు."

"అందినట్టు సంతకం నాదిరా."

"అందడం వేరు, చదవడం వేరు."

ఆ మాట కూడా నాదే. నా నోట్లోంచి వాడి నోట్లోకి ఎప్పుడు వెళ్లిందో. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ, తననెవరూ చూడట్లేదనుకుంటుందట. ఇద్దరం రెండు పిల్లుల్లా ఎదురెదురుగా కూర్చున్నట్టు అనిపించింది.

అల్మారా పైన లైసెన్సు నిబంధనల పుస్తకం ఉంటే దించాను. పరీక్ష రాసినప్పటి నుంచీ తెరిచిన పాపాన పోలేదు. "ఏజెంటుకు తెలిసిన లోపాలు" అని ఉంటుందని నాకు బాగా గుర్తు. ఉంది. ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. "లేదా తగిన శ్రద్ధ తీసుకుంటే తెలియగలిగిన లోపాలు" అని కూడా ఉంది. పంతొమ్మిదేళ్లు సగం వాక్యం మీద బతికాను. పెద్దాయన ఆ రెండో సగం నాకు చెప్పలేదో, చెప్పినా నేను వినలేదో, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

డాక్టరుకి ఫోన్ చేశాను.

"మూడేళ్ల కిందటి ఇంజినీరు రిపోర్టు మా దగ్గర ఉంది డాక్టరుగారూ. మీ పత్రంలో 'లేవు' అన్నది మీరే మార్చి రాస్తారా?"

"చదివారా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"అయితే చదవకండి. మీరు నా ఏజెంటు. నా రహస్యాలు కాపాడటం మీ డ్యూటీ కాదూ?"

"మీరు ఎంత తక్కువకి ఒప్పుకుంటారో అది మీ రహస్యం. ప్రాణం పోయినా చెప్పను. గదిలోకి నీళ్లొస్తే అది మీ రహస్యం కాదు."

"నీళ్లొస్తాయని నేనన్నానా? చూడండమ్మా, టైలరమ్మ వెనక్కి తగ్గిందంటే మీ మీద ఫిర్యాదు రాస్తాను. ఇన్నేళ్ల పేరు, ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నాను. ఆలోచిస్తే మళ్లీ ఒక ఉపాయమే తట్టింది, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? కవరుని అతికించింది అతికించినట్టే తీసుకెళ్లి టైలరమ్మ చేతిలో పెడతాను. ఆవిడ చించుకుంటుంది, ఆవిడ చదువుకుంటుంది. ఆవిడకి తెలుస్తుంది, నాకు తెలియదు. డాక్టరు ఫిర్యాదు చేస్తే నేనేం చెప్పలేదు అనొచ్చు, ఆవిడ దావా వేస్తే నేనేం దాచలేదు అనొచ్చు. పాము చావదు, కర్ర విరగదు. గురువారం మధ్యాహ్నం షాపుకి బయలుదేరాను.

షాపులో అప్పటికే సగం సర్దేశారు. మూడు మిషన్లకి పాత దుప్పట్లు చుట్టి తాళ్లు కట్టారు. మిగతా ఆరూ ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి, ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. టైలరమ్మ మెడలో టేపు, చేతులకి సుద్ద, నన్ను చూసి నవ్వింది.

"రండి మేడం గారూ, రండి! సందు వైపు బోర్డు కూడా రాయించేశాం. ఏంటి, సంతకాలు రేపే కదా?"

కవరు బల్ల మీద పెట్టాను. "ఇది ఆ ఇంటి మీద పాత రిపోర్టు. మీరొకసారి చూసుకుంటే మంచిది."

ఆవిడ చేతులు తుడుచుకుని కవరు తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. బట్ట పట్టుకుని ఏది పైవైపో ఏది లోపలి వైపో చూసే మనిషి, మూత దగ్గర బొటనవేలితో రాసి చూసింది.

"దీన్ని ఎవరూ తెరవలేదే!"

"లేదు."

"మీరు కూడా?"

"లేదు."

"మరి ఇందులో ఏముందో మీకు తెలియకుండా, చూసుకుంటే మంచిదని ఎలా అన్నారు?"

డాక్టరు మూడు జవాబులు సిద్ధం చేసుకుని వచ్చాడు, నేను ఒక్కటి కూడా తెచ్చుకోలేదు.

ఆవిడ కవరుని నా వైపు జరిపింది. కోపం లేదు, పనివాళ్లకి పని చెప్పే గొంతు. "ఇళ్ల సంగతి మీకు తెలుసు, నాకు తెలియదు. చెప్పాల్సింది మీరు. మీరే తెరిచి చదవండి." వెనక్కి తిరిగి, "కాసేపు ఆపండర్రా!" అని కేకేసింది. ఆరు మిషన్లూ ఆగిపోయాయి.

ఆవిడ కత్తెరతోనే కవరు అంచు కత్తిరించాను. పంతొమ్మిదేళ్లలో అలాంటి కవరు తెరవడం అదే మొదటిసారి.

నాలుగు పేజీలు. మూడో పేజీలో దిగువ గది. బయటికే చదివాను. గది నేల కింద పాత కాలువ పోతోంది. పెద్ద వాన పడితే నేల బీటల్లోంచి నీళ్లు పైకి తన్నుతాయి. గోడ మీద మోకాలు దాటిన ఎత్తులో మూడు వేర్వేరు నీటి గీతలు ఉన్నాయి. మూడేళ్లుగా ఇలా జరుగుతోందని ఓనరు ఒప్పుకున్నాడు. కాలువని దారి మళ్లించేదాకా ఆ గదిలో కరెంటు సామాను పెట్టకూడదు, ప్లగ్గులు ఛాతీ ఎత్తుకి మార్చాలి, మనుషులు ఎక్కువసేపు ఉండకూడదు. చివర ఒక వాక్యం: ఈ విషయం ఇకముందు ఇల్లు చూడవచ్చే ప్రతి ఒక్కరికీ ఏజెంటు చెప్పాలి.

పనివాళ్లలో ఒకామె దుప్పటి చుట్టిన మిషను మీద చెయ్యి వేసి నిలబడింది. టైలరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"షాపు ఓనరుని బతిమాలుకోవాలి," అంది చివరికి. "ఇంకో నెల ఉండనిస్తాడో లేదో."

"నేను మాట్లాడతానమ్మా. ఇవాళే వెళ్తాను. పత్రం మీద సంతకం పెట్టను. డాక్టరుగారు నా మీద ఫిర్యాదు రాస్తే రాసుకోనీండి, రిపోర్టు దాచి ఉంచింది నేనేనని నేనే వెళ్లి చెబుతాను." మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మనసు తేలికైంది. నిజం చెప్పాలంటే, కాస్త గర్వంగా కూడా ఉంది. ఎంతైనా ఆవిడని నీళ్లల్లో పడకుండా ఆపానుగా అనుకున్నాను.

ఆవిడ కవరు మీద తేదీ చూస్తోంది.

"మూడేళ్లు మీ దగ్గరే ఉందన్నమాట. ఇలాంటివి అన్నీ దాచి పెడతారా మేడం?"

"అవును. బేరం పోయినవి."

"ఇంకా ఎన్నున్నాయి?"

బుధవారం తమ్ముడు ఈ కవరు తీశాక ఎందుకో మిగతావి కూడా లెక్కపెట్టాను. "ముప్ఫై ఒకటి," అన్నాను.

"ఆ ఇళ్లు తర్వాత అమ్మారా?"

"చాలామటుకు."

"మీరేనా?"

"నేనే."

"కొన్నవాళ్లు వాటిల్లోనే ఉంటున్నారా?"

ఇరవై ఆరు ఇళ్లు. నేను తాళాలు అందించిన చేతులు. ఒకరింట్లో కవలలు పుట్టారని నాకు ఫోటో పంపించారు. ఇంకొకరు మేడ మీద ఇంకో గది వేస్తున్నారని, గోడలు ఆగుతాయా అని మొన్ననే ఫోన్ చేసి అడిగారు. నాకు తెలిసినంతవరకు ఏ ఇబ్బందీ లేదని చెప్పాను.

"ఉంటున్నారు," అన్నాను.

టైలరమ్మ కత్తెర నా వైపు తోసి, "తీసుకెళ్లండి," అంది.